లెక్కకు రాని గంటలు

ఎం.టెక్.లో మాకు ‘ప్రొడక్షన్ ప్లానింగ్ అండ్ కంట్రోల్’ అనే సబ్జెక్టు ఉంది. పేరు పెద్దదే గానీ విషయం మన రామన్నపేట వాళ్లకు కొత్త కాదు. ఏ వస్తువు ఎన్ని, ఎప్పటికి కావాలి, ఏ పని తర్వాత ఏ పని, ఎక్కడ ఆలస్యమవుతున్నది అని ముందే లెక్క వేసి, పని నడుస్తుండగా సరిచూసుకోవడమే అది. ఫ్యాక్టరీలో ఇందుకు ఒక విభాగం ఉంటుంది. సిరిపురం, వెల్లంకి నేత ఇండ్లల్లో ఇంటి వాళ్ల తలలోనే ఉంటుంది.

చిటికి కట్టిన పట్టుచీరనే తీసుకుందాం. పేక పోగును ఆసు పోయాలి. గీతలు గీసి రబ్బరు కట్టాలి. రంగులో ముంచి, ఆరబెట్టి, ఇంకో రంగుకు మళ్లీ కట్టాలి. ఆ తర్వాతే మగ్గం. ఈ వరుసలో ఏ పని నిదానమో, మొత్తం దాని వేగంతోనే నడుస్తుంది. హాస్టల్లో వంద బకెట్లున్నా నల్లాలు రెండే ఉంటే స్నానాలు నల్లాల లెక్కనే సాగుతాయి కదా!

ఈ వరుసలో శరీరానికి భారమైన పని ఆసు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. ఎక్కువగా చేసేది ఆడవాళ్లే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఏండ్లు కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. చీర ఆసు గంటన్నరకు తగ్గింది. బడి చదువు మధ్యలోనే ఆగిన ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది.

అయితే ఒక అడ్డు తొలగితే ఇంకొకటి ముందుకొస్తుంది. వానాకాలం రంగులు ఆరవు, గుంటమగ్గంలోకి నీళ్లు ఊరుతాయి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినా అచ్చు వేసిన నకిలీ చీరలు బజారులో ఉన్నాయి. చీర అమ్ముడుపోకుంటే ఆసు ఎంత త్వరగా పోసినా పొయ్యి వెలగదు. అందుకే ప్లానింగ్ ఒక్క యంత్రంతో ముగియదు.

మాకు ఎక్కువ బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. కూలి చీరకు కడతారు. చాలా ఇండ్లల్లో అమ్మ ఆసు పోసిన గంటలు ఏ పద్దులోనూ విడిగా ఉండవు. పద్దులో లేని నొప్పిని తగ్గించాలని ఏ ఇంజనీరుకు తోస్తుంది? మల్లేశం గారికి తోచింది, అది తన ఇంట్లోనే కళ్లారా చూశారు కాబట్టి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన ఇండ్లల్లో డిగ్రీ చూసిన మొదటి తరం మనమే. పాలిటెక్నిక్‌కు పోయినా, ఇంజనీరింగ్‌కు పోయినా, ఈ సెలవుల్లో ఒక్క రోజు మీ ఇంట్లో ఎవరు ఏ పని ఎన్ని గంటలు చేస్తున్నారో కాగితం మీద రాయండి. మగ్గమైనా, వరి పొలమైనా, మేకల మందైనా సరే. మనం నేర్చుకున్న లెక్క ముందు అక్కడ పనికి రావాలి.