మేక ధర అడిగి మందు రాసే ఊరు

కెన్యా ఉత్తరపు కొసన, ఇథియోపియా దక్షిణపు కొసన ఉన్న మొయాలే చూడ్డానికి ఒకే ఊరు. సరిహద్దు దాన్ని రెండుగా చీల్చుకుని పోతుంది. అటు ఆడిస్ అబాబాకైనా, ఇటు నైరోబీకైనా ఏడు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. కెన్యా వైపు బండ్లు ఎడమన నడుస్తాయి, గేటు దాటితే కుడికి మారాలి. ఇటు షిల్లింగు, అటు బిర్. బజారులో రెండూ చెల్లుతాయి. బోరానా, గబ్రా, గర్రె, బుర్జీ, సోమాలీ కుటుంబాలు రెండు పక్కలా ఉన్నాయి. అక్క కాపురం ఇటు, చెల్లెలి కాపురం అటు.

నేను కెన్యా వైపు డాక్టరుగా పనిచేశాను. జ్వరం ఎన్నాళ్లుగా అని అడిగే నోటితోనే ఏం అమ్ముతారు, ఎక్కడికి తీసుకెళ్లి అమ్ముతారు అని కూడా అడిగేవాణ్ణి. చాలాసార్లు సగం రోగం ఆ జవాబులోనే బయటపడేది.

ఆ ఊరి బతుకంతా పశువుల మీద, దారి మీద. నైరోబీ కబేళాలకు వెళ్లే పశువులు లారీలెక్కేది అక్కడే. 2016-17 నాటికి ఇసియోలో నుంచి మొయాలే దాకా తారురోడ్డు పూర్తయింది. అంతకుముందు ఆ దారిలో జనం లారీ పైకమ్మీలు పట్టుకుని, కింద పశువులు, పైన తాము, రోజుల తరబడి ప్రయాణం చేసేవారు. రోడ్డు పడ్డాక ప్రయాణం ఒక్కరోజుకు తగ్గింది. బైకు ప్రమాదాలు మాత్రం వార్డులో బాగా కనిపించేవి.

నేనున్నది పెద్ద కరువు కాలం. 2020 చివరి నుంచి 2022 చివరి దాకా వరసగా ఐదు వానకార్లు తప్పాయి. మార్చిలో రావలసిన గన్నా వానలు లేవు, అక్టోబరులో రావలసిన హగయా వానలు లేవు. అందరూ ఒక్కసారే పశువుల్ని సంతకు తోలితే ధర పడిపోతుంది, అదే వారంలో మొక్కజొన్న పిండి ధర పెరుగుతుంది. ఆసుపత్రికి రావాలంటే ముందు ఒక మేక అమ్ముడుపోవాలి. అందుకే రోగులు ఆలస్యంగా వచ్చేవారు. వాళ్లకు అవగాహన లేదని అనేవాళ్లతో నేను ఎన్నడూ ఏకీభవించలేదు. లెక్క వాళ్లకు బాగా తెలుసు, చేతిలో డబ్బే లేదు.

అలా ఆలస్యంగా వచ్చినవాడే ఎనిమిదేళ్ల పిల్లవాడు. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. చెయ్యి పెడితే ప్లీహం అంచు బొడ్డు కిందికి గట్టిగా తగిలింది. నెలలుగా జ్వరం, మలేరియా మందులు ఎన్నో మింగాడు. మేకలు కాస్తాడట. సాయంత్రాలు చెదపుట్టల మీద కూర్చుంటాడట. ప్లీహాన్ని ఉబ్బించే కాలా అజార్ జ్వరపు పరాన్నజీవిని మోసే ఇసుక ఈగ ఆ పుట్టల బొరియల్లోనే దాక్కుంటుంది. వేలి కొసన ఒక్క రక్తపు చుక్క తీసి పట్టీ మీద వేస్తే రెండు గీతలు తేలాయి, అంటే కాలా అజారే. మా చదువుల్లో అది బీహారు జబ్బు. తెలుగునాట ఆ ప్లీహాన్ని తాకే అవసరం నాకు రాలేదు. దానికి 1920లలో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యాంటిమొనీతో మందు తయారుచేశారు. ఆ పిల్లవాడి తొడలో దించిన సూదుల్లో ఒకటి ఆ యాంటిమొనీ వంశానిదే.

రోజుకు రెండు సూదులు, పదిహేడు రోజులు. మందుకు డబ్బు కట్టక్కర్లేదు. పదిహేడు రోజులు తల్లి అక్కడ ఉండటానికి మాత్రం ఖర్చవుతుంది. మేకల్ని ఆడబిడ్డకు అప్పగించి వచ్చింది. వాటికి నీళ్లు దొరికే బావి ఒక రోజు నడక దూరంలో ఉంది. వారం గడిచేసరికి జ్వరం తగ్గింది, పిల్లవాడు పాలు అడిగాడు. ఆమె కొంగు సర్దుకుని బయల్దేరింది. మా బోరానా నర్సు పరాన్నజీవుల ఊసెత్తలేదు. ఎన్ని మేకలు మిగిలాయని అడిగింది. ఇప్పుడు పోతే కొన్ని నెలల్లో మళ్లీ రావాలి, అప్పటికి అమ్మడానికి మేకే ఉండదు అంది. తల్లి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత చాప పరుచుకుంది. గేటు దగ్గర టీ అమ్మే ఆమె మిగిలిన రోజులకు అరువు మీద అన్నం పెట్టింది. పద్దెనిమిదో రోజుకు ప్లీహం పక్కటెముకల వైపు వెనక్కి వెళ్లింది.

జ్వరాల్లో మరొకటి పాలది. పొగ పట్టించిన కుండల్లో ఒంటె పాలు తెల్లవారుజామునే బజారుకొస్తాయి. అమ్మేది ఆడవాళ్లే. పచ్చిపాలు తాగి నడుంనొప్పి, రాత్రి చెమటలు, వచ్చిపోయే జ్వరంతో వచ్చేవాళ్లలో బ్రూసెల్లోసిస్ తేలేది. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి ఆరు వారాలు వాడాలి. కాచి తాగండి అంటే కాచిన పాలలో బలం పోతుందనేవారు. కాచిన పాలు ఎవరూ కొనరు కూడా. పాలన్నీ టీలో పోసి మరిగించుకోండి అని చెప్పడం మొదలుపెట్టాను. టీ తాగని ఇల్లు అక్కడ లేదు.

ఇథియోపియా వైపు పిల్లల టీకా కార్డులు చూసేటప్పుడు చాలా జాగ్రత్త కావాలి. ఇథియోపియా పంచాంగం మనదానికంటే ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది, ఏడాదికి పదమూడు నెలలు. 2013 అని రాసి ఉంటే బిడ్డ పుట్టింది 2020-21లో. మందు వేళ చెప్పాలన్నా అంతే. రెండు వైపులా జనం గంటల్ని సూర్యోదయం నుంచి లెక్కిస్తారు. పొద్దున రెండు గంటలంటే మన ఎనిమిది. అందుకే కవరు మీద గడియారం అంకె రాయకుండా సూర్యుడి బొమ్మ వేసేవాళ్లం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఒక బట్టల వ్యాపారి. నైరోబీ సరుకు కొని అటువైపు మేగా, యబెలో సంతల్లో అమ్ముతుంది. దగ్గులో రక్తం పడుతోందని వచ్చింది. అంతకుముందు అటువైపే టీబీ మందు మొదలుపెట్టింది. 2018 మార్చిలో అక్కడ సైనికుల కాల్పుల్లో పౌరులు చనిపోయినప్పుడు వేలమంది కెన్యా వైపు పారిపోయి వచ్చారు. ఆమె వాళ్లలో ఉంది. మూడో నెలలో మందు ఆగింది, కార్డు ఇంట్లోనే ఉండిపోయింది. జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షలో టీబీ మందు రిఫాంపిసిన్‌కు నిరోధం లేదని తేలినప్పుడు నాకు కలిగిన ఊరట చెప్పలేను. మళ్లీ ఆరు నెలలు మొదటి నుంచి.

2020 డిసెంబరులో కెన్యా అధ్యక్షుడు ఉహురు కెన్యాటా, ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్ కలిసి అక్కడ ఉమ్మడి తనిఖీ కేంద్రం ప్రారంభించారు. సరుకు కాగితాల పని ఇప్పుడు ఒక్కచోటే అవుతుంది. నా దగ్గరికి వచ్చిన రోగి కార్డులు మాత్రం గేటు దాటితే చదివేవాళ్లు లేని కాగితాలయ్యేవి. సరుకుకు దొరికిన సౌకర్యం దగ్గుతున్న మనిషికి దొరకకపోవడం నాకు కోపం తెప్పించేది, ఇప్పటికీ తెప్పిస్తుంది.

ఆ బట్టల వ్యాపారిని రోజూ వచ్చి మాత్ర వేసుకోమంటే ఆమె వ్యాపారం మునుగుతుంది, వ్యాపారం మునిగితే తిండి ఉండదు, తిండి లేకుండా ఆ మందు పొట్టలో నిలవదు. ఆమె ప్రయాణాల వరస అడిగి, తిరిగొచ్చే రోజునే మా తేదీ చేశాం. ఒక్కో విడతకు రెండు వారాల మాత్రలు ఇచ్చాం. ఒకే కార్డు మీద ఒక పక్క ఇంగ్లిషు, ఇంకో పక్క అమ్హారిక్, పైన రెండు పంచాంగాల తేదీలు. అమ్హారిక్ రాసింది మా నర్సే. ఆరో నెలలో కఫం పరీక్షలో క్రిమి లేదు. ఆ కార్డు నమూనాను నర్సు జిరాక్సు తీయించి బల్ల సొరుగులో కట్టగా పెట్టుకుంది. అటువైపు సంతలకు వెళ్లే రోగులకు ఆ తర్వాత అదే ఇచ్చేవాళ్లం.