ఈటె స్థానము

కావ్యములలో పట్టము ఖడ్గమునకే. అగ్నిపురాణమందలి ధనుర్వేద ప్రకరణము మాత్రము అట్లనదు: వింటి యుద్ధము శ్రేష్ఠము, ప్రాసయుద్ధము మధ్యమము, ఖడ్గయుద్ధము దానికిని దిగువ. ప్రాసమనగా ఈటెయే. గ్రంథము దానిని ముక్తసంధారితములలో చేర్చినది. అనగా విసరియు మరల పట్టదగినది. మరాఠాల ‘విటా’ను చూచిన ఈ మాట తేటపడును. దానికి కట్టిన త్రాటి రెండవ కొన యోధుని మణికట్టున నుండును. విసరిన యీటె తిరిగి చేతికి వచ్చును. మణిపురమున విద్యకు పేరే థాంగ్-టా: థాంగ్ కత్తి, టా ఈటె. 1891 యుద్ధానంతరము ఆంగ్లేయులు నిషేధించినను ఆ జంట విడిపోలేదు.

మరి ఖడ్గమునకింత వాసి యెట్లు వచ్చెను? నాకు తోచిన కారణమిది. కత్తికి నిలువెల్ల మంచి యుక్కు కావలెను. ఈటెకు మొనపాటి ఇనుము, గట్టి కఱ్ఱ చాలును. ఒకటి సర్దారులది, మరియొకటి కాలిబంటుది. శివాజీ కత్తికి భవాని యను పేరున్నది. బంట్ల ఈటెలకు పేర్లెవరు పెట్టిరి?

హిందీనుండి తెనిగించునప్పుడు ఈ సంగతియే నన్ను బాధించును. తల్వారు సులభముగా ఖడ్గమగును. బల్లమ్‌నకు మన బల్లెము చుట్టమువలె నెదురువచ్చును. కాని భాలాను, దానికంటె పొట్టియైన బర్ఛీని, రెంటిని ఈటె యనినచో రెండు తీరుల పోరాటము ఒక్కటియై పోవును. బర్ఛీని నేను బరిసె యనియే వ్రాయుచున్నాను. బరిసె యననేమని అచ్చుకూటమునుండి చీటి వచ్చినది, మార్చలేదు.