రెండు ఒరలు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు కంప్యూటరును ఎరగకముందే అన్నారు. ఇమడకపోవడమేమీ లేదు. ఒకే డిస్కును రెండు ముక్కలు చేసి, ఒకదానిలో విండోసునూ మరొకదానిలో లినక్సునూ కాపురం పెట్టించినవారిలో నేనూ ఒకణ్ణి. మీలోనూ చాలామంది ఉంటారు. 2011లో ఆపివేసేదాకా ఉబుంటువారు ఉచితంగా పోస్టులో పంపిన సీడీలే మనలో ఎందరికో ఆ విద్య నేర్పాయి. అప్పట్లో డిస్కు మొదట్లో ఉండే 512 బైట్లలో బూటు సంకేతానికి దక్కేవి 446. అంత ఇరుకు గుమ్మంలో చివర వచ్చినవారిదే పెత్తనం. విండోసును తిరిగి ఎక్కిస్తే లినక్సువారి గ్రబ్ తుడిచిపెట్టుకుపోయేది. పోతే పోయిందనుకునేవాళ్ళం. డిస్కులో ఉన్నవి పాటలూ సినిమాలే కదా!

ఈసారి సంగతి వేరు. ఈసారి డిస్కులో నాన్నగారున్నారు.

తెలుగు పండితులుగా ఉద్యోగ విరమణ చేశాక ఆయన మా ఊరి చరిత్ర రాయడానికి కూర్చున్నారు. చేతిరాత ఎవరికో ఇచ్చి కూర్పించడం ఇష్టం లేక, అను ఫాంట్లూ పేజ్‌మేకరూ తానే నేర్చుకుని, నాలుగు వందల పైచిలుకు పుటలు స్వయంగా కూర్చుకున్నారు. అచ్చు చూడకుండానే వెళ్ళిపోయారు. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా మన అచ్చుపని ప్రపంచం చాలాకాలం దాని గడప తొక్కలేదు. అను వంటి ఫాంట్లలో మన కంటికి ‘క’గా కనబడేది యంత్రం దృష్టిలో ‘క’ కాదు. ఏ ఆంగ్లాక్షరమో, విరామచిహ్నమో. దాని చోట తలకట్టో కొమ్మో వత్తో గీసిపెట్టి ఉంటుంది. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే నాన్నగారి వాక్యాలు వట్టి పిచ్చిరాతలు. కాబట్టి ఆ పుటలు ఆయన రాసినట్టుగా కనబడాలంటే ఆ విండోసూ, ఆ ఫాంట్లూ, ఆ పేజ్‌మేకరూ ఉన్నవి ఉన్నట్టుగా ఉండాలి.

అయితే ఆ విండోసు 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోసు 11 కోరే టీపీఎం 2.0 గాని, కొత్త తరం ప్రాసెసరు గాని 2016లో కొన్న మా యంత్రానికి లేవు. భద్రతా సవరణలు రాని వ్యవస్థతో అంతర్జాలంలోకి వెళ్ళడం నాకిష్టం లేదు. దానికి నెట్టు కోసివేసి, రోజువారీ పనులకు లినక్స్ మింట్ పెట్టుకోవాలని నిశ్చయించాను. కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు “ఉన్న డిస్కులోనే పార్టిషన్ కొట్టేస్తాను సార్, అరగంట పని” అన్నాడు. వద్దు బాబూ అని కొత్త ఎస్సెస్డీ ఒకటి తెచ్చుకున్నాను. నాన్నగారి డిస్కు మొత్తానికీ ఒక నకలు బయటి డిస్కులోకి తీసేదాకా స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు.

డిస్కులు రెండైనంత మాత్రాన వ్యవస్థలు వేరుపడవు. ఈ కాలపు యూఈఎఫ్ఐ యంత్రాలలో బూటు లోడరు ఉండేది ఈఎఫ్ఐ విభాగమనే చిన్న గదిలో. ఉబుంటు, మింట్‌లు ఏళ్ళతరబడి వాడిన యుబిక్విటీ ఇన్‌స్టాలరుకు ఒక దురలవాటు ఉంది: రెండో డిస్కును చూపించినా లోడరును తీసుకెళ్ళి మొదటి డిస్కు గదిలో పెడుతుంది. తరువాత ఎప్పుడైనా మొదటి డిస్కు తీసేస్తే రెండోది లేవదు. వేరు కాపురం పెట్టి బియ్యం డబ్బా మాత్రం పుట్టింట్లో ఉంచుకున్నట్టన్నమాట. దీనికి మందు మోటుదే గాని తిరుగులేనిది. సీపీయూ డబ్బా తెరిచి, పాత డిస్కు తీగలు ఊడదీసి, కొత్త డిస్కు ఒక్కటే ఉండగా లినక్సు ఎక్కించాను. కనబడని డిస్కును ఏ ఇన్‌స్టాలరూ పాడుచేయలేదు. పని అయ్యాక తీగలు తిరిగి తగిలించాను. యంత్రాన్ని లేపేటప్పుడు ఎఫ్12 నొక్కితే ఏ డిస్కని అడుగుతుంది. ఒక్కో యంత్రంలో ఆ మీట ఎఫ్8, ఎఫ్11 కూడా కావచ్చు.

ఇంత చేసినా గోడ ఇళ్ళ మధ్యనే గాని వీధి గుమ్మం ఒక్కటే. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోసు నవీకరణ, రెండు వ్యవస్థలున్న యంత్రాలు కొన్నిటిలో లినక్సును లేవనివ్వలేదు. పాత లోడర్లను నిరాకరించే ఆ నియమం డిస్కులో కాక మదర్‌బోర్డు స్మృతిలో చేరుతుంది. డిస్కులు వేరైనా తప్పదు. నెట్టు లేని మా విండోసుకు ఆ బెడద లేదనుకోండి. బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాపులవారు మాత్రం సెక్యూర్ బూటు జోలికి పోయేముందు ఆ 48 అంకెల తాళాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

గడియారం కథ తమాషాగా ఉంటుంది. లినక్సు మదర్‌బోర్డు గడియారంలో విశ్వకాలం రాస్తుంది. విండోసు దాన్ని స్థానిక కాలమని చదువుతుంది. రాత్రి తొమ్మిదింటికి లినక్సు ఆపి విండోసు తెరిస్తే మధ్యాహ్నం మూడున్నర! నెట్టు లేనందున అది తనంతట తాను సర్దుకోదు. స్థానిక కాలమే రాయమని లినక్సుకు చెప్పాను. గడియారాలను ఏటా ముందుకూ వెనక్కూ తిప్పే దేశాలలో ఇది చిక్కు తెస్తుంది గాని, మనకు ఆ బాధ లేదు.

ఇక ఫాస్ట్ స్టార్టప్. అది ఉన్నంతవరకు విండోసు షట్‌డౌన్ అన్నా పూర్తిగా నిద్రపోదు. సగం మెలకువలో ఉన్న డిస్కు మీద లినక్సు రాస్తే ఫైళ్ళు చెడవచ్చు. పవర్ ఆప్షన్లలో దాని టిక్కు తీసేశాను. అదీ చాలదని, నాన్నగారి డిస్కును లినక్సులో చదవడానికి మాత్రమే తెరిచేలా కట్టడి చేశాను. విండోసుకు లినక్సు విభాగాలు చదవడం ఎటూ రాదు.

ఇప్పుడు ఆదివారాలు విండోసు తెరిచి పది పుటలు పీడీఎఫ్‌గా మారుస్తున్నాను. తక్కిన వారమంతా లినక్సులో ఆ బొమ్మను ఒక పక్క పెట్టుకుని, ఆర్టీఎస్ పద్ధతిలో యూనికోడులో టైపు చేస్తున్నాను. కన్వర్టర్లతో ప్రయత్నించాను గాని వత్తులు దారి తప్పుతున్నాయి. పైగా టైపు చేస్తుంటే చదివినట్టూ అవుతోంది. ప్రస్తుతం చెఱువుల అధ్యాయంలో ఉన్నాను. నాన్నగారు ప్రతిచోటా బండి ఱతోనే రాశారు. అలాగే ఉంచుతున్నాను.