రాత్రి పడ్డ జాడలు

తెల్లతోక జింక ఎక్కడ తిరిగిందో చూశాను గానీ, పగలంతా ఎక్కడ పడుకుంటుందో ఆలోచించలేదు. విస్కాన్సిన్‌లో విల్లుతో వేట మొదలుపెట్టిన కొత్తలో నా సీజన్లు వట్టిపోవడానికి అసలు కారణం ఇదే.

నేను వెళ్లేది హోరికాన్ చిత్తడికి. దాదాపు 33 వేల ఎకరాలు, చాలా మేర జమ్మే. కొల్లేరు పక్క ఊళ్లో పెరిగాను కాబట్టి జమ్ము నాకు తెలుసనే ధీమా ఉండేది. కానీ కొల్లేట్లో మేం చూసింది చేపల్నీ పిట్టల్నీ. ఎనభై కిలోల జంతువు అందులో పగలంతా కదలకుండా దాగి ఉండగలదని నాకు తట్టనేలేదు.

సెప్టెంబరులో, సీజన్‌కి ముందు, మొక్కజొన్న చేను చిత్తడిని తాకే అంచు వెంట నడిచాను. బురదలో గిట్టల జాడలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తాజా పెంటికలు ఉన్నాయి. మగజింక కొమ్ములతో రుద్ది బెరడు ఊడగొట్టిన మొక్కలూ కనిపించాయి. ఇంతకంటే ఏం కావాలని అక్కడే మంచె వేసుకున్నాను. ట్రెయిల్ కెమెరాలో పెద్ద మగజింక పడింది కూడా. ఫొటోలన్నీ చీకట్లో తీసినవే. ఆ ఒక్క సంగతే నాకు అన్నీ చెప్పాల్సింది. నేనేమో ఏదో ఒకరోజు వెలుతురుండగా వస్తుందిలే అనుకున్నాను.

రాకపోయేసరికి ఓపిక పోయి, వాయవ్య గాలి వీపుకు తగులుతుండగా జమ్ము లోపలికి నడిచాను. ముందెక్కడో నీళ్లు చిమ్మిన చప్పుడు, ఒక్క క్షణం పైకి లేచిన తెల్లతోక. అంతే. నా వాసన నాకంటే ముందే వెళ్లింది. ఇది తెలిసి కూడా మళ్లీ వెళ్లాను. ఈ రెండో తప్పు గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మొదటిది తెలియక చేసింది, ఇది ఆత్రంతో చేసింది.

కళ్లు తెరిపించింది మార్చి నెల. మంచు కరిగి, పాత గడ్డి నేలకు ఒరిగి, కొత్త చిగురు ఇంకా రాని రోజుల్లో చిత్తడి దాచుకున్నదంతా బయటపడుతుంది. వేట కాలం ముగిసింది కాబట్టి జింకను బెదరగొట్టినా పెద్దగా నష్టం లేదు. శరత్తులో రుద్దిన బెరడు గుర్తులు అలాగే ఉన్నాయి. నడిచి నడిచి లోతుపడ్డ దారులు తేటగా కనిపించాయి. అందులో ఒకదాన్ని పట్టుకుని ఈసారి చేనువైపు కాకుండా లోపలికి వెళ్లాను.

దారి మోకాలెత్తు దిబ్బ దగ్గర ఆగింది. రెండు మూడు టామరాక్ చెట్లు, కింద ఎర్రకాడల డాగ్‌వుడ్ పొదలు. గడ్డి కోలగా అణిగి ఉన్న పడకలు, వాటిలో పెళుసైన బోలు వెంట్రుకలు. డాగ్‌వుడ్ కొమ్మలు కొరికి ఉన్నాయి. అంతకుముందు కుందేళ్లు కొరికినవాటినీ జింక ఖాతాలోనే వేసుకున్నాను. కుందేలు కొరికితే కొస ఏటవాలుగా, నున్నగా తెగుతుంది. జింకకు పైదవడలో ముందు పళ్లుండవు, పీకి తెంపుతుంది, కొస పీచులు తేలుతుంది.

ఆ పడకలో కూర్చుని చూశాను. వాయవ్య గాలి వీపు వెనక నుంచి వస్తోంది, అటునుంచి ఎవరొచ్చినా వాసన అందుతుంది. ఎదురుగా జమ్ము మీదుగా చూపు చాలా దూరం పోతుంది. నేను శరత్తంతా నడిచిన చేను గట్టు అక్కణ్ణుంచి స్పష్టంగా కనిపించింది. పొద్దుగుంకాక ఇక్కడ లేచిన జింక చేను చేరేసరికి చీకటి పడిపోతుంది. చేను అంచున నేను మురిసిపోయి చూసిన జాడలన్నీ రాత్రివే.

ఇప్పుడు నా మంచె చేను దగ్గర ఉండదు. జమ్ము అయిపోయి ఆల్డర్ పొదలు మొదలయ్యే చోట, పడకకు దగ్గరగా, పడకవైపు బెరడు ఊడిన మొక్కలున్న దారి పక్కన వేసుకుంటాను. గాలి అనుకూలంగా లేని రోజు అటు వెళ్లను. మార్చి తర్వాత వేట రోజు దాకా ఆ చుట్టుపక్కల అడుగు పెట్టను. మగజింకను వెలుతురులో మొదటిసారి చూసింది అక్కడే. అయితే చిత్తడిలో నీటిమట్టం ఏటా ఒకేలా ఉండదు. నీళ్లు పెరిగితే అలాంటి దిబ్బ మునిగిపోతుంది, పడక ఇంకోచోటికి మారుతుంది. అందుకే ప్రతి మార్చిలోనూ వెతుకులాట మొదటినుంచీ చేస్తాను.