మందుసీసా మూత

ముప్పదియైదు సంవత్సరములు నేను పాఠశాలలలో తెలుగు బోధించితిని. కడపటి తొమ్మిది సంవత్సరములు ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యను సామెతను ఎన్ని తరగతులకు వివరించితినో లెక్కలేదు. కాని దాని యర్థము నాకు నిజముగా బోధపడినది ఉద్యోగవిరమణానంతరమే. బోధపరచినది ఒక మందుసీసా మూత. బాలబాలికలారా! ఇందు నేను చెప్పబోవునది నా తప్పు. పెద్దలు తమ తప్పులను పిల్లలకు చెప్పుట అరుదు గనుక శ్రద్ధగా వినుడు.

మా అమ్మాయియు అల్లుడును కెనడా దేశమున, అంటారియో రాష్ట్రమునందలి విండ్సర్ నగరమున కాపురముందురు. ఆ నగరమునకు ఎదుట, నదికి ఆవలి యొడ్డున, అమెరికా దేశపు డిట్రాయిట్ నగరము కలదు. రెండు నగరములును మోటారుకార్ల తయారీకి పేరొందినవి. కొన్ని సంవత్సరముల క్రిందట శీతకాలమున నేను అక్కడికి పోయి ఆరు మాసములుంటిని. మా మనుమరాలికి అప్పుడు మూడున్నర యేండ్లు. ఆమెకు తెలుగు అక్షరములు నేర్పవలెనను కోరికయే నన్ను అంత దూరము తీసికొనిపోయినది.

గుంటూరు ఎండలకు అలవాటుపడిన నా కీళ్లు ఆ మంచుదేశమున మొరాయించినవి. వ్రేళ్లు వంగుట కష్టమయ్యెను. వైద్యుని సలహాపై మా అమ్మాయి నొప్పి తగ్గుటకు 100 మాత్రలు గల సీసా నొకదానిని తెచ్చి యిచ్చినది. మన దేశమున పారాసిటమాల్ అని పిలుచు మందే అది. ఉదయ మొకటి, రాత్రి యొకటి వేసికొనవలెను.

సీసా చేతికి వచ్చినది గాని దాని మూత నాకు లొంగలేదు. త్రిప్పినకొలది టకటకమని చప్పుడు చేయుచు తిరుగునే కాని ఊడి రాదు. పైన ఏవో బాణపు గుర్తులున్నవి. క్రిందికి నొక్కి, నొక్కుచునే త్రిప్పవలెనని మా అమ్మాయి చూపినది. నా వ్రేళ్లకు అంతటి పట్టు లేదు. ప్రతి దినము రెండుమారులు, "అమ్మా! ఈ మూత తీసి పెట్టుము" అని కూతురిని పిలుచుట నాకు చిన్నతనముగా తోచెను. నాలుగవనాడు ఆమె మూత తీసి యిచ్చిన పిమ్మట నేను దానిని మరల బిగింపలేదు. ఊరక సీసాపై పెట్టి, సీసాను నా మంచము ప్రక్కనున్న పొట్టిబల్లపై ఉంచితిని. దూరమునుండి చూచువారికి మూత వేసియున్నట్లే కనబడును. ఇది నా మొదటి తప్పు.

రెండవది ఇంతకంటె పెద్దది. ఒకనాడు నేను మాత్ర వేసికొనుచుండగా మనుమరాలు వచ్చి, "తాతయ్యా! ఏమి తినుచున్నావు?" అని అడిగెను. మందు అని చెప్పినచో ఏమి మందు, ఎందుకు మందు అని ప్రశ్నలపై ప్రశ్నలు వేయును. తొందరలో నుండి, "పిప్పరమెంటు బిళ్ల" యని నవ్వుచు చెప్పితిని. "నాకు?" అని చేయి చాచెను. "పెద్దవారి పిప్పరమెంటు. నీవు పెద్దదానవైన తరువాత" అంటిని. జీవితమంతయు సత్యము పలుకుడని పిల్లలకు బోధించినవాడను, ఒక్క నిమిషపు సుఖమునకై పసిబిడ్డతో అబద్ధ మాడితిని.

ఒకనాటి మధ్యాహ్నము భోజనానంతరము కునుకు తీసితిని. మెలకువ వచ్చునప్పటికి గదిలో ఏదో గుసగుస వినబడుచుండెను. కన్నులు తెరచి చూచితిని. మా మనుమరాలు నేలపై కూర్చుండి, నా మాత్రలను వరుసలు వరుసలుగా పేర్చి బడియాట ఆడుచుండెను. ప్రక్కన ఖాళీసీసా పడియుండెను. నా గుండె ఆగినంత పనియయ్యెను.

నా కేకకు మా అమ్మాయి పరుగున వచ్చినది. బిడ్డను అడిగిన బెదరి ఏడ్చుటయే కాని సమాధానము లేదు. నేను ఉప్పునీరు కలిపి త్రాగించి కక్కింతమని వంటగదిలోనికి పోబోతిని. మా అమ్మాయి నా చేయి పట్టుకొని ఆపి, "నాన్నగారూ! అట్లు చేయరాదు. ఉప్పునీరే ప్రాణము తీయగలదు. మొదట మాత్రలు లెక్కపెట్టండి" అని ఫోను చేత పట్టుకొన్నది. ఆ దేశమున విషప్రమాదముల విషయమున సలహా చెప్పు కేంద్రములున్నవి. పగలు రాత్రి యనక అనుభవజ్ఞులు ఫోనులో బదులు చెప్పుదురు.

ఫోనులో పలికిన నర్సు తొందరపడలేదు. ఏ మందు, ఒక్కొక్క మాత్ర ఎంత బలము గలది, బిడ్డ బరువెంత, ఎంత సమయమైనది, ఎన్ని మాత్రలు తగ్గినవి అని వరుసగా అడిగెను. కడపటి ప్రశ్నకు ఏ యింటనైనను సమాధానము దొరకుట కష్టము. నాకు మాత్రము హాజరుపట్టీ వ్రాసిన అలవాటు చేతిని విడువలేదు. వేసికొన్న ప్రతి మాత్రను ఒక చిన్న పుస్తకమున గుర్తు పెట్టుచుంటిని. అప్పటికి వేసికొన్నవి 48. మిగులవలసినవి 52. నేలపై నున్నవానిని మంచము క్రిందివానితో సహా ఏరి మూడుమారులు లెక్కించితిని. మూడుమారులును 51 మాత్రమే వచ్చినవి.

ఒక్కటి లేదు. బిడ్డ బరువు 15 కిలోలు. ఆ బరువునకు 500 మిల్లీగ్రాముల మాత్ర యొక్కటి మ్రింగినను ప్రాణభయము లేదనియు, కనిపెట్టి చూచుచుండుడనియు నర్సు చెప్పెను. మేము ఊపిరి పీల్చుకొంటిమి. ఆ మందు అధికమైనచో కాలేయమును చెరచును. మోసమేమనగా, మొదటిదినమున బిడ్డ మామూలుగానే ఆడుకొనవచ్చును. కీడు బయటపడునప్పటికి కాలము మించిపోవచ్చును. కావుననే బిడ్డ బాగుగనే యున్నది గదా యని ఊరకుండరాదు.

ఆ సాయంకాలము మా అమ్మాయి బొమ్మలను సర్దుచుండగా గుడ్డబొమ్మ గౌనులోనుండి తెల్లని మాత్ర యొకటి జారిపడెను. "బొమ్మకు జ్వరము. పెద్దదయినది. అందుకే పిప్పరమెంటు పెట్టితిని" అని మనుమరాలు చెప్పెను. అందరును నవ్విరి. నేను నవ్వలేకపోతిని. మా అమ్మాయి నన్ను ఒక్క మాటయు అనలేదు. అనియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

మరునాడు ఆమె నన్ను మందుల దుకాణమునకు తీసికొనిపోయినది. అచటి ఫార్మసిస్టు నా కథ విని, సీసాను నా చేతినుండి తీసికొని బల్లపై నిలిపెను. "వ్రేళ్లతో కుస్తీ పట్టకండి. అరచేతి మడమను మూతపై నుంచి, ముందునకు వంగి దేహపు బరువుతో నొక్కుడు. అట్లే త్రిప్పుడు" అనెను. నేనట్లు చేసితిని. మూత సులువుగా వచ్చెను! అప్పుడాయన చిరునవ్వుతో, ఇట్టి మూత యొకటి ఈ విండ్సర్ నగరముననే పుట్టినదని చెప్పెను. ఆ తరువాత నేను చదివి తెలిసికొన్న చరిత్ర యిది.

ఈ నగరమున హెన్రీ బ్రో అను పిల్లల వైద్యుడుండెను. 1957లో ఇచటి ఆసుపత్రియందు విషనియంత్రణ కేంద్రము నెలకొనగా ఆయనయే దానికి అధిపతి. తీపి పూసిన మాత్రలను మిఠాయియని మ్రింగిన పసివారిని తల్లులు అర్ధరాత్రివేళ ఎత్తుకొని వచ్చెడివారు. వారి కడుపులను కడుగుటలో ఆయనకు తెల్లవారెడిది. మందులను దాచుడని తల్లిదండ్రులకు ఎంత ప్రబోధించినను వచ్చు బిడ్డల సంఖ్య తగినంతగా తగ్గలేదు. మనుష్యులు మరతురు. కావున మరవని వస్తువొకటి కావలెనని ఆయన తలచెను. ఆ యూరనే పనిముట్లు తయారుచేయు పీటర్ హెడ్జ్‌విక్ అనునాతని పూనికతో 1967లో ఒక మూత సిద్ధమయ్యెను. దాని ఆంగ్లనామమునకు "అరచేత నొక్కి త్రిప్పు" అని అర్థము. ఆ మూత వాడుకలోనికి వచ్చిన పిదప విండ్సర్ ప్రాంతమున పిల్లల విషప్రమాదములు 91 శాతము తగ్గినవి. 1974 నాటికి అంటారియోలో అట్టి మూతలు తప్పనిసరి యయ్యెను. అమెరికాలోను 1970 డిసెంబరు 30న విషప్రమాద నివారణకై ప్యాకింగు చట్టము వచ్చినది.

ఈ మూతలో నున్న తెలివి యేమి? ఇది బలమున కట్టిన తాళము కాదు. నా సీసాకుండినది ఒకదానిలో నొకటి యిమిడిన జంటమూత. లోపలిదానికి మరలు, వెలుపలిదానికి పండ్లు కలవు. నొక్కనిదే ఆ పండ్లు లోపలిమూతను పట్టవు. అందుచే వెలుపలిది వట్టిగా తిరుగును. టకటక చప్పుడు దానిదే. నొక్కినప్పుడు మాత్రమే రెండును ఒక్కటై తిరుగును. పసివాడు త్రిప్పగలడు. నొక్కను గలడు. కాని రెండును ఒక్కమారు చేయవలెనన్న ఊహ ఆ వయస్సున సాధారణముగా తట్టదు. తట్టినను చిన్నచేతికి అంత బలముండదు. ఊహను, బలమును రెంటిని లెక్కగట్టి చేసిన పని యిది.

ఇట్టి మూతలను పరీక్షించు తీరు ఉపాధ్యాయుడనగు నాకు మిక్కిలి నచ్చినది. అమెరికా నిబంధన ననుసరించి పరీక్షాధికారులు పసిపిల్లలే! 42 నెలల మొదలు 51 నెలల వరకు వయస్సు గలవారిని ఇద్దరిద్దరిగా కూర్చుండబెట్టి, హానిలేని సీసాల నిచ్చి తెరువుమందురు. అయిదు నిమిషములు గడచిన పిమ్మట పెద్దలు తెరచి చూపి, పండ్లతో కొరికినను సరే యని చెప్పి, మరి యైదు నిమిషము లిత్తురు. నూటికి 80 మంది పిల్లలు తప్పినగాని మూత ఉత్తీర్ణము కాదు. పిల్లలు తప్పినచో సంతసించు పరీక్ష లోకమున ఇదొక్కటియే కాబోలు!

కాని నూటికి ఇరువదిమంది తెరువవచ్చును గదా! కావుననే దీనిని బిడ్డలు తెరువలేని మూత యనరు. బిడ్డలను అడ్డుకొను మూత యందురు. అది పెద్దలు వచ్చి పట్టుకొనుటకు కొంత వ్యవధి నిచ్చును. అంతే.

పరీక్షకు రెండవ భాగము కూడ కలదు. మొదట పెద్దల పరీక్షకు 18 మొదలు 45 సంవత్సరముల వారినే పిలిచెడివారు. నావంటి వృద్ధులు తెరువలేక మూతలను విడిచిపెట్టుటయు, మాత్రలను వేరు డబ్బాలలో పోసికొనుటయు గమనించి, 1995లో నిబంధన మార్చిరి. ఇప్పుడు 50 మొదలు 70 సంవత్సరముల వారిలో నూటికి 90 మంది తెరచి మరల మూయగలుగవలెను. తాత తెరువలేని మూత, మూత లేకుండుటతో సమానమని వారు గ్రహించిరి. నా పొట్టిబల్లపై జరిగినదియు అదియే.

మన దేశమున మాత్రలు ఎక్కువగా రేకుపట్టీలలో వచ్చును. ఒక్కొక్కదానిని చించవలసి యుండుటచే అదియు కొంత అడ్డమే. కాని పెద్దలు సౌకర్యమునకై అన్నిటిని ఒలిచి డబ్బాలో పోయుదురు. గర్భిణులకిచ్చు ఇనుపధాతువు మాత్రలు రంగు పూసిన మిఠాయివలె నుండును. అవి పసిపిల్లలకు ప్రాణాంతకములు కాగలవు. ఇంతకంటె ఘోరము, శీతలపానీయపు సీసాలలో కిరసనాయిలు పోసి ఉంచుట. నేను పనిచేసిన ఒక గ్రామమున నా విద్యార్థి తమ్ముడొకడు దానిని పానీయమనుకొని త్రాగెను. ఇంటివారు కక్కించిరి. కక్కునప్పుడు కిరసనాయిలు ఊపిరితిత్తులలో చేరి బిడ్డ పదిదినములు ఆసుపత్రిలో పడియుండెను. ఎట్టిది మ్రింగినను మన యిచ్ఛ వచ్చినట్లు కక్కింపరాదు. సీసాను చేతబట్టుకొని వెంటనే ఆసుపత్రికి పోవలెను. అవసరమైనచో 108 వాహనమును పిలువవలెను.

బాలలారా! మీ యిండ్లలో చెల్లెండ్రును తమ్ములును ఉందురు. తాతలును అవ్వలును ఉందురు. అవ్వకు మూత రానప్పుడు విసుగుకొనక తీసి యిండు. ఆమె మందు వేసికొన్న వెంటనే మూత బిగించి, తమ్మునికి అందని యెత్తున పెట్టుడు. మందును ఎవరైనను మిఠాయి యనినచో, వారు పెద్దవారైనను సరే, వినయముతో కాదని చెప్పుడు.

నేను ఇంటికి మరలి వచ్చితిని. ఆ ఖాళీసీసా ఇప్పటికిని నా బల్లపై నున్నది. ఆదివారమునాడు మనుమరాలు ఫోనులో కనబడినప్పుడు, తాను వ్రాసిన అక్షరములను చూపును. తరువాత తప్పక ఒక ప్రశ్న వేయును: "తాతయ్యా! మూత బిగించితివా?" నేను లేచి సీసాను తెచ్చి ఆమె యెదుట మూత త్రిప్పుదును. టకటక చప్పుడు విని తృప్తిపడి, అప్పుడు మాత్రమే ఆమె సెలవు తీసికొనును.