ఫెన్వే పార్కులో ఒక సాయంకాలము

బోస్టను నగరమందలి ఫెన్వే పార్కు 1912లో తెరువబడిన బేసుబాల్ క్రీడాస్థలము. ఎడమవైపున 37 అడుగుల పచ్చని గోడ కోటగోడవలె నిలిచియున్నది. ఇరుకు కొయ్యకుర్చీలలో మా ప్రక్కనే వృద్ధదంపతులు కూర్చుండిరి. ఆటకన్న వారి వాదమే నాకు రుచించెను.

ఈ యాటకు తొమ్మిది వంతులు. స్వల్పాధిక్యముతో కడపటి వంతు వచ్చినపుడు చివరి మువ్వురను ఔటు చేయుటకే ప్రత్యేకముగా నొక పిచ్చరుండును, అతనిని క్లోజరందురు. వంట యొకరిది, మాడకుండ దింపుట వేరొకరిది!

2018లో రెడ్ సాక్సు జట్టునకు క్లోజరు క్రెయిగ్ కింబ్రెల్. అతడు జట్టు వీడి యేండ్లైనను వీరి తగవు తీరలేదు.

“ఆ యేడు 42 ఆటలు కాపాడెను” అని ముసలమ్మ.

“అక్టోబరులో యాంకీలపై 4–1 ఆధిక్యమును 4–3 చేసి ప్రాణములు తోడెను గదా!” అని ముసలాయన.

“గెలిచితిమా, లేదా?”

“వరల్డ్ సిరీస్ కడపటి వంతున అతనిని కాదని క్రిస్ సేల్‌ను పంపిరేల?”

ఆమె మొగము చిన్నబోయెను. నా పక్షపాత మామెయందే. ఏడాది పొడవున వండిపెట్టినదానిని ఒక్కనాటి ఉప్పునకు దూరు ఇండ్లు మన మెరుగనివా?

ఇంతలో తొమ్మిదవ వంతు వచ్చెను. కొత్త క్లోజరు మైదానమున కడుగిడుచుండగా, ఆమె మాటమాని మగని చేయి గట్టిగా పట్టుకొనెను.