మూట తిరిగొచ్చేదెప్పుడు?

2010 నాటి మాట. వరంగల్ పక్క పల్లెలో చీరలమ్మే ఆమెది అరువు బేరం. చీర ఇవాళ ఇస్తుంది. డబ్బు మాత్రం పత్తి అమ్ముడయ్యాకే చేతికొస్తుంది. గ్రూపు అప్పుకి కిస్తీ అయితే వారం తిరిగేసరికి కట్టాల్సిందే. బేరం బాగానే ఉంది. అయినా మంగళవారం వస్తోందంటే గుండెల్లో రాయి పడేది. ఒక కిస్తీ కట్టడానికి ఇంకో గ్రూపులో చేరింది. ఆ అప్పుతో ఒక్క చీరా మూటలోకి చేరలేదు.

విత్తిన వారానికే కొడవలి పట్టుకుని ఎవరైనా చేలోకి వెళ్తారా?

ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు నెలకోసారే అంది. 2022లో రిజర్వు బ్యాంకు దేశమంతటికీ నిబంధనలు పెట్టింది. ఇంటి అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. వాయిదా వారానికా, నెలకా అన్నది అప్పు తీసుకునేవారి వీలును బట్టి ఉండాలి. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు.

ఇప్పుడు ఆ మూట కోడలి చేతికొచ్చింది. సూక్ష్మరుణానికి సంతకం పెట్టబోతుంటే అత్త చెప్పింది ఒకటే.

‘‘ఎంతిస్తారో తర్వాత అడగొచ్చమ్మా. ఎప్పుడెప్పుడు కట్టాలో ముందు అడుగు.’’